మా అబ్బాయి ఫుట్‌బాల్ కోచ్ అవుతానంటున్నాడు, ఆపాలా, వదిలేయాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మేము ఇరవై ఏళ్లుగా డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం, ఇద్దరమూ ఐటీలోనే. మా బాబుకి 19 ఏళ్లు, పుట్టింది ఇక్కడే. ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నాడు. తొమ్మిదో తరగతిలో ఒక్క సీజన్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్, బంతిని చేత్తో పట్టుకుని ఆడేది) ఆడి, మోకాలు దెబ్బతిని మానేశాడు. కాలేజీలో చేరాక అక్కడి టీంలో స్టూడెంట్ మేనేజర్‌గా చేరాడు, అంటే బంతులు, నీళ్లు అందించే పని. ఈ మధ్య వీడియోలు చూసే గదిలో కూడా కూర్చోబెడుతున్నారట. క్రిస్మస్ సెలవులకి వచ్చి "నాన్నా, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మార్చుకుంటా, కోచ్ అవుతా" అన్నాడు. సిగ్నెట్టీ అనే కోచ్ జీతం ఫోన్లో చూపించాడు. జనవరిలో ఆయన టీం గెలిచాక ఇక వాణ్ని పట్టలేకపోతున్నాం. వాళ్లమ్మ సరిగా తినట్లేదు. ఖమ్మంలో మా నాన్నగారు "కోచ్ అంటే మన స్కూళ్లో పీఈటీ సారేగా?" అని అడిగారు, ఏం చెప్పాలో తెలీలేదు. గోపీచంద్ గారిలా ఆడి గెలిచినవాళ్లు కోచ్ అయితే అర్థముంది, ఆడనివాణ్ని కోచ్‌గా ఎవరు పెట్టుకుంటారు? అసలు ఇది ఒక కెరీరేనా? (ఒక తండ్రి, టెక్సాస్)

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది మీ నాన్నగారి ప్రశ్న అండీ. దాని సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే పెద్దాయన అడిగింది మీరనుకున్నంత అమాయకమైన ప్రశ్నేం కాదు.

ముందు ఆ జీతం. మీవాడు అబద్ధం చెప్పలేదు. కర్ట్ సిగ్నెట్టీతో ఇండియానా యూనివర్సిటీ 2025 అక్టోబరులో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం సగటున ఏడాదికి కోటీ పదహారు లక్షల డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూడకండి, నిద్ర పట్టదు. 2026 జనవరి 19న మయామీని 27–21తో ఓడించి నేషనల్ ఛాంపియన్లయ్యారు. ఆ సీజన్లో 16 ఆటలు ఆడితే 16 గెలిచారు. పెద్ద స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో అలా 16–0 చేసింది అంతకుముందు 1894లో యేల్ ఒక్కటే. అదీ ఏ టీంతో? చరిత్ర మొత్తంలో 700కి పైగా ఓటములు మూటగట్టుకుని, ఆ స్థాయి టీంలన్నిట్లో ఎక్కువసార్లు ఓడిపోయిందని పేరున్న టీంతో. ఆయన రాకముందు 2023లో 12 ఆటలాడి 9 ఓడిపోయిన టీం అది. ఆయన అడుగుపెట్టిన కొత్తలో, మీ టీంలోకి రమ్మని కుర్రాళ్లని ఎలా ఒప్పిస్తారని అడిగితే "నేను గెలుస్తాను, కావాలంటే గూగుల్ చేసి చూసుకోండి" అన్నాడు. ఆ ముక్క ఇక్కడ టీషర్టుల మీదకెక్కింది.

మీవాడు గూగుల్ చేశాడు, కానీ పైన నాలుగు లైన్లు చూసి ఆపేసినట్టున్నాడు. మనం కిందదాకా వెళ్దాం.

సిగ్నెట్టీ పుట్టింది 1961లో, పిట్స్‌బర్గ్‌లో. తండ్రి ఫ్రాంక్ సిగ్నెట్టీ కూడా కోచే, 1976 నుంచి 1979 దాకా వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ హెడ్ కోచ్. కొడుకు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసురుతూ ఆట నడిపించే ఆటగాడిగా, అదే యూనివర్సిటీలో చేరాడు. చేరిన ఆ 1979 సీజన్ అయిపోగానే తండ్రిని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన అప్పటికి క్యాన్సర్‌తో పోరాడి బయటపడుతున్న మనిషి, టీం మాత్రం గెలవట్లేదు. కొడుకు అక్కడే ఉండి, కొత్తగా వచ్చిన కోచ్ కింద ఎక్కువకాలం బెంచ్ మీదే కూర్చుని, చదువు పూర్తి చేసుకున్నాడు. అంటే ఈ వృత్తి మనిషిని ఎలా ఎత్తేస్తుందో, ఎలా పడేస్తుందో పద్దెనిమిదేళ్లకే తన ఇంట్లోనే చూశాడు. అయినా 1983లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా అదే వృత్తిలో చేరాడు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ అంటే పీజీ చదువుతూ, టీంలో చాకిరీ చేస్తూ, అందుకు ఫీజు మాఫీ, చేతి ఖర్చులకి కొంత డబ్బు పుచ్చుకునే కుర్రాడన్నమాట.

ఇక్కణ్ణుంచి కొంచెం నెమ్మదిగా చదవండి, వీలైతే మీ ఆవిడకీ చదివి వినిపించండి. పిట్స్‌బర్గ్‌లో రెండేళ్లు. డేవిడ్‌సన్‌లో ఒక ఏడాది. అక్కణ్ణుంచి హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ, మూడేళ్లు. ఫిలడెల్ఫియాలో టెంపుల్, నాలుగేళ్లు. మళ్లీ పిట్స్‌బర్గ్, ఏడేళ్లు. నార్త్ కరొలైనా స్టేట్, ఏడేళ్లు. అక్కడ ఫిలిప్ రివర్స్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌కి పాఠాలు చెప్పాడు, బాగానే ఉన్నాడు, కానీ 2006 చివర్లో హెడ్ కోచ్‌ని తీసేశారు. హెడ్ కోచ్‌ని తీసేస్తే కింద అసిస్టెంట్లు కూడా దాదాపుగా పెట్టే సర్దుకోవాల్సిందే, కొత్తగా వచ్చేవాడు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. అదృష్టం కొద్దీ నిక్ సేబన్ అనే పేరుమోసిన కోచ్ అప్పుడే అలబామా యూనివర్సిటీకి వచ్చాడు, ఆయన మొదటి బృందంలో ఇతనికి చోటు దొరికింది. రిసీవర్లకి (విసిరిన బంతిని అందుకునేవాళ్లకి) కోచ్, కొత్త కుర్రాళ్లని వెతికి ఒప్పించే పనికి కోఆర్డినేటర్. అలా నాలుగేళ్లు, మధ్యలో 2009 సీజన్లో నేషనల్ టైటిల్.

లెక్కేస్తే 28 సీజన్లు. ఒక్కసారి కూడా హెడ్ కోచ్ కాడు. వయసు 49.

అప్పుడు చేసిన పని చూడండి. 2011లో అలబామా లాంటి చోట ఉద్యోగం వదిలేసి, జీతంలో పెద్ద కోతకి ఒప్పుకుని, డివిజన్ 2లో, అంటే కిందిస్థాయి కాలేజీల లీగ్‌లో, ఉన్న ఒక చిన్న టీంకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. దాని పేరు ఇండియానా యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా. (అవును, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇండియానా అని ఒక ఊరుంది. ఇప్పుడాయన ఉన్న ఇండియానా యూనివర్సిటీ వేరు, అది ఇండియానా రాష్ట్రంలో. మనవాళ్లకి రెండు కొత్తపల్లులున్నట్టే.) వెస్ట్ వర్జీనియాలో ఉద్యోగం పోయిన తండ్రి మళ్లీ నిలబడింది ఆ చిన్న ఊళ్లోనే, 1986 నుంచి 2005 దాకా అక్కడ హెడ్ కోచ్‌గా 182 ఆటలు గెలిచాడు. అక్కడి మైదానానికి ఆయన పేరే పెట్టారు. నాన్న పేరున్న మైదానంలో కొడుకు యాభయ్యో ఏట మొదటిసారి హెడ్ కోచ్‌గా నిలబడ్డాడు. ఆరేళ్లలో 53 గెలుపులు, 17 ఓటములు. తర్వాత ఈలన్ అనే ఇంకో చిన్న కాలేజీ, అంతకుముందు ఏడాది రెండే ఆటలు గెలిచిన టీం, ఇతను వెళ్లిన ఏడాదే ఎనిమిది గెలిచింది. తర్వాత జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ, అయిదేళ్లలో 52 గెలుపులు, 9 ఓటములు. అప్పటికి గానీ ఒక పెద్ద లీగ్ యూనివర్సిటీ హెడ్ కోచ్‌గా రమ్మని పిలవలేదు. అది 2023 నవంబరు 30, ఆయనకి 62. మనకి రిటైరై అమెరికా వచ్చి మనవణ్ణి స్కూల్ బస్సెక్కించే వయసు.

నేను ఇదంతా ఇంత సాగదీసి చెప్పడానికి కారణముంది. మీవాడు "హెడ్ కోచ్ అవుతా" అనుకుంటున్నాడు, మీరూ ఆ జీతం చూసి అలాగే లెక్కేస్తున్నారు. పెద్ద స్థాయిలో ఆడే కాలేజీ టీంలు 2025లో 136. అంటే అన్ని కుర్చీలే. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బతికేది అసిస్టెంట్ కోచ్ బతుకు. కాబట్టి మీవాణ్ని అడగాల్సింది ఒకటే, ఆ 28 సీజన్ల తర్వాత కుర్చీ రాకపోయినా ఆ బతుకు వాడికి ఇష్టమేనా? ఇష్టమే అంటే ఇది కెరీరే. ఆ కోటీ పదహారు లక్షల కోసమే అయితే లాటరీ టికెట్ కొనుక్కోమనండి, కనీసం ఇల్లు మారక్కర్లేదు.

ఇల్లంటే గుర్తొచ్చింది. మేం ఇంతకుముందున్న ఊళ్లో మా పక్కింట్లో ఒక కాలేజీ అసిస్టెంట్ కోచ్ కుటుంబం అద్దెకుండేది, ఇద్దరు పిల్లలు. ఆయన్ని నేను రెండేళ్లలో ఓ పదిసార్లు చూసుంటానేమో, తెల్లారకముందే కారు వెళ్లిపోయేది, రాత్రి పదకొండుకి గరాజ్ తలుపు చప్పుడు వినిపించేది, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఆదివారం కూడా అంతే. ఒకసారి ఆ గరాజ్‌లోకి వెళ్తే గోడ వెంబడి అట్టపెట్టెలు, ఒక్కోదాని మీద మూడు ఊళ్ల అడ్రసులు ఒకదాని కింద ఒకటి, పైవి రెండూ మార్కర్‌తో కొట్టేసి. "ఇంకా విప్పలేదా?" అన్నాను. "విప్పిన ఊళ్లోంచి త్వరగా పంపించేస్తున్నారండీ, అందుకే ఈసారి విప్పలేదు" అని నవ్వింది ఆవిడ. విప్పకపోయినా రెండో ఏడాది డిసెంబరులో హెడ్ కోచ్‌ని తీసేశారు. ఆ సంగతి ఆవిడకి తెలిసింది సరుకుల షాపులో బిల్లింగ్ లైన్లో ఉండగా, ముందున్నవాళ్లు ఫోన్ చూసుకుంటూ మాట్లాడుకుంటుంటే. దీపావళికి మేం సున్నుండలు పెట్టిచ్చిన స్టీలు డబ్బాలో ఆవిడ వెళ్లేరోజు కుకీలు నింపి తిరిగిచ్చింది. పెద్దపిల్ల మాత్రం కారెక్కనని మా మెట్ల మీద కూర్చుంది. మీ కోడలు ఎవరవుతుందో ఇప్పుడే ఆలోచించమనట్లేదు, కానీ మీవాడు ఆలోచించుకోవాలి.

సరే, రెండో భయం. "ఆడనివాణ్ని ఎవరు పెట్టుకుంటారు?" మన దగ్గర గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చాడు కాబట్టి అకాడమీ పెడితే జనం నమ్మారు, అందులో న్యాయముంది, షటిల్‌లో కోచ్ ఎదురుగా నిలబడి ఆడి చూపించాలి. అమెరికన్ ఫుట్‌బాల్ అలాంటి ఆట కాదు. అది సగం చదరంగం. ప్రతి ప్లేకీ (బంతి కదిలే ఒక్కో ఎత్తుకీ) ముందు పదకొండుమంది ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్నది ఎవరో కాగితం మీద గీసి ఉంచినదే. గీసేవాడు బాగా ఆడినవాడే కానక్కర్లేదు.

నమ్మకపోతే మీ టెక్సాస్‌లోనే పేరు మోగిన మైక్ లీచ్‌ని చూడండి. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడనే లేదు. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో డిగ్రీ, ఆ తర్వాత 1986లో పెప్పర్‌డైన్‌లో లా పట్టా. చక్కగా నల్లకోటు వేసుకోవాల్సినవాడు, పెళ్లయి పిల్ల ఉండగా, 1987లో కాలిఫోర్నియాలో కాల్ పాలీ అనే కాలేజీ టీంలో అసిస్టెంట్‌గా చేరాడు. జీతం నెలకి కాదండోయ్, ఏడాదికి 3,000 డాలర్లు. మధ్యలో ఫిన్లాండ్ వెళ్లి అక్కడో క్లబ్బుకి కూడా కోచ్‌గా చేశాడు. తర్వాత అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో హాల్ మమ్మీ అనే హెడ్ కోచ్ దగ్గర చేరాడు, ఇద్దరూ కలిసి బంతిని అదేపనిగా గాల్లోకి విసిరే ఒక పద్ధతి కనిపెట్టారు, దాన్నే ఎయిర్ రెయిడ్ అంటారు. అయోవా నుంచి వాల్డోస్టా, వాల్డోస్టా నుంచి కెంటకీ, పదేళ్లు ఆ మమ్మీ వెంటే. 1999లో ఓక్లహోమాలో ఒక్క ఏడాది, 2000లో లబ్బక్‌లో టెక్సస్ టెక్‌కి హెడ్ కోచ్. 2008 నవంబరు 1 రాత్రి, అప్పటికి దేశంలో నంబర్ వన్‌గా ఉన్న టెక్సస్ యూనివర్సిటీని ఆఖరి సెకన్లలో 39–33తో ఓడించారు, ఆ ఆట గురించి మీ ఆఫీసులో ఏ టెక్సాస్‌వాణ్ని అడిగినా లంచ్ అయ్యేదాకా చెప్తాడు. మరుసటి ఏడాదే ఒక ఆటగాడితో ప్రవర్తన విషయంలో వచ్చిన గొడవలో ఉద్యోగం పోయింది. రెండు సీజన్లు ఖాళీ. తర్వాత వాషింగ్టన్ స్టేట్, మిసిసిపీ స్టేట్. 2022 డిసెంబరులో 61 ఏళ్లకే చనిపోయాడు, అప్పటికింకా ఉద్యోగంలోనే ఉన్నాడు.

ఇప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకాయన కోచ్ కొడుకు, ఇంకొకాయన ఎవరికీ ఏమీ కాడు. మీవాడు లీచ్ కోవలోకి వస్తాడు, అందులో దాపరికం అక్కర్లేదు. కోచ్ కొడుక్కి చిన్నప్పట్నుంచీ అందరూ బాబాయిలే, ఫోన్ చేస్తే ఎత్తుతారు. మనవాడికి ఆ ఫోన్ నంబర్లు లేవు, ఒక్కొక్కటీ వాడే సంపాదించుకోవాలి. మనవాళ్లు ఈ రంగంలో మరీ తక్కువ. అసలు లేరని కాదు, సంజయ్ లాల్ అని భారత మూలాలున్న కోచ్ 2018, 2019ల్లో మీ డాలస్ కౌబాయ్స్‌లోనే రిసీవర్ల కోచ్‌గా చేశాడు. కానీ "మన తానా సభల్లో ఎవరినైనా పట్టుకుందాం" అనే దారి ఇక్కడ పనిచెయ్యదు.

నంబర్లెలా వస్తాయంటారా? ఆ వీడియో గదిలోనే. మీరు రాసిన ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యంలో దాటేశారు గానీ నాకు అన్నిట్లోకీ ముఖ్యంగా కనిపించింది అదే. నీళ్లు మోసే కుర్రాళ్లు టీంకి చాలామంది ఉంటారు, వీడియో గదిలోకి అందర్నీ రానివ్వరు. అక్కడ చేసే పనేంటంటే, వచ్చే వారం ఆడబోయే టీం పాత ఆటలు పెట్టుకుని ఒక్కో ప్లేని ఆపి, వెనక్కి తిప్పి, ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఎన్ని గజాలు కావాలి, ఎవరెక్కడ నిలబడ్డారు, బంతి కదిలేలోపు ఎవరు జరిగారు, డిఫెన్స్ ఏం చేసింది, చివరికేమైంది, ఇవన్నీ వరసగా నింపుకుంటూ పోవడం. ఒక్క ఆటలో వందకి పైనే ప్లేలుంటాయి, అలాంటి ఆటలు నాలుగైదు. పొద్దున కోచ్ వచ్చి "మూడో డౌన్‌లో ఏడు గజాలు కావాల్సి వస్తే వీళ్లేం చేస్తున్నారు?" అంటే టక్కున తీసి చూపించాలి. ఆ తర్వాత ఎదుటి టీం వేసే ఎత్తుల్ని పెద్ద అట్టల మీద మార్కర్‌తో గీసి, ప్రాక్టీసులో రిజర్వ్ కుర్రాళ్ల ముందు ఎత్తి పట్టుకోవాలి. ఒక గీత తప్పు గీస్తే ఆ వారం ప్రాక్టీసంతా తప్పు టీంకి చేసినట్టే. ఈ పని నాలుగు నెలలు, తప్పు లేకుండా, విసుక్కోకుండా చేసే కుర్రాణ్ని కోచ్‌లు మర్చిపోరు. ఉద్యోగం మారినప్పుడు వెంట తీసుకెళ్తారు. సిగ్నెట్టీ ఇండియానాకి వెళ్లినప్పుడు ఒంటరిగా వెళ్లలేదు, పెన్సిల్వేనియాలో ఆ చిన్న టీం రోజుల నుంచీ తన దగ్గర పనిచేసిన ఇద్దరు ఇప్పుడక్కడ ఆఫెన్స్‌కి ఒకరు, డిఫెన్స్‌కి ఒకరు కోఆర్డినేటర్లు, మైక్ షనహాన్, బ్రయంట్ హెయిన్స్. డివిజన్ 2లో వాళ్లని ఎవరు పట్టించుకున్నారు చెప్పండి!

వెంట తీసుకెళ్లేవాళ్లు లేకపోతే ఎలా అంటే, డాన్ లానింగ్ అని ఇప్పుడు ఆరెగాన్ యూనివర్సిటీ హెడ్ కోచ్, మొదట్లో కాన్సస్ సిటీ దగ్గర ఒక హైస్కూల్లో అసిస్టెంట్. 2011లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి కొత్త కోచ్ వచ్చాడని తెలిసి, ఎవరూ పిలవకుండానే రాత్రంతా కారు నడుపుకుంటూ వెళ్లి ఆఫీసు గుమ్మం ముందు నిలబడ్డాడు. చిన్న పనేదో ఇచ్చారు. కొన్నేళ్ల తర్వాత ఒక చిన్న యూనివర్సిటీలో పూర్తిస్థాయి కోచ్ ఉద్యోగం వదిలేసి, 2015లో అలబామాలో మళ్లీ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరాడు, సేబన్ దగ్గర నేర్చుకోవచ్చని. మన భాషలో చెప్పాలంటే ప్రమోషన్ వదులుకుని ట్రెయినీగా చేరడం. 2026 జనవరిలో సెమీఫైనల్లో సిగ్నెట్టీ టీం 56–22తో చితక్కొట్టింది ఈయన టీంనే.

ఇక మేజర్ సంగతి. ఇక్కడ మాత్రం నేను పూర్తిగా మీ వైపే. మార్చొద్దు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కావాలంటే చేతిలో ఒక డిగ్రీ ఉండాలి, పీజీలో సీటుండాలి, అంతే, ఆ డిగ్రీ దేంట్లో అని అడిగేవాడు లేడు. లీచ్‌ది లా. కైనీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) చదివితేనే కోచ్‌లవుతారన్నది మీవాడి భ్రమ, బహుశా కంప్యూటర్ సైన్స్‌లో ఏదో సబ్జెక్ట్ గట్టిగా తగిలి ఉంటుంది కూడా, మెల్లగా కనుక్కోండి, తిట్టకుండా. ఇప్పుడు పెద్ద టీంలన్నీ లెక్కలు, డేటా తెలిసిన మనుషుల్ని పెట్టుకుంటున్నాయి. కోచింగ్ కుర్రాళ్ల గుంపులో నిలబడి "ఈ వీడియో గదిలో మీరు చేత్తో చేసే పని సగం నేను ప్రోగ్రాంతో చేసి పెడతా" అనగలిగినవాడు ఎంతమంది ఉంటారు? వాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క తురుపుముక్కని వాడే పారేసుకుంటానంటున్నాడు.

ఇంకో లాభం ఉంది. టెక్సాస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్ కావాలంటే ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఫుల్‌టైం ఉద్యోగి అయ్యుండాలి. అందుకే శుక్రవారం రాత్రి లైట్ల కింద అరిచే కోచ్‌లు పొద్దున పూట క్లాసులో చరిత్రో లెక్కలో చెప్తుంటారు. డిగ్రీ అయ్యాక టీచర్ సర్టిఫికెట్ విడిగా తెచ్చుకునే దారులు టెక్సాస్‌లో ఉన్నాయి. కాలేజీ కోచింగ్‌లో నిలదొక్కుకోలేకపోయినా, కంప్యూటర్లో లెక్కలో చెప్పగలిగిన కోచ్ స్కూళ్లకి అక్కరకొస్తాడు, స్థిరంగా ఒక ఊళ్లో ఉండొచ్చు, అట్టపెట్టెలు విప్పుకోవచ్చు. అది ఓటమి అనుకోకండి. ఫ్రిస్కోలో ఉంటున్నారుగా, హైస్కూల్ కోచ్‌కి ఆ ఊళ్లో ఎంత మర్యాదో మీకు నేను చెప్పాలా?

డబ్బు విషయంలో మీరు చెయ్యగలిగింది కొంత ఉంది, మరీ ఎక్కువ చెయ్యొద్దు. 26 వచ్చేదాకా మీ హెల్త్ ఇన్సూరెన్స్ మీద ఉంచుకోండి. కారు బాగుండేలా చూడండి, వాడు దూరాలు తిరుగుతాడు. డిగ్రీ అయ్యాక ఇన్నేళ్లు అని మీరిద్దరూ కూర్చుని ఒక గడువు మాట్లాడుకోండి, నా లెక్కలో నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో వాడు హెడ్ కోచ్ అవ్వాలని కాదు, ఎవరో ఒకరు డబ్బిచ్చి వాణ్ని రెండోసారి పిలిచారా లేదా చూడండి. మొదటిసారి మొహమాటానికి ఇస్తారు, రెండోసారి పిలిచారంటే పని నచ్చిందనే.

ఒక హెచ్చరిక, ఇది మీవాడికి నేరుగా చూపించండి. టీంలో స్టూడెంట్ మేనేజర్ అయినా సరే, కాలేజీ ఆటల మీద పందాలు కాయకూడదు, లోపలి సమాచారం బయట చెప్పకూడదు. హాస్టల్ రూమ్మేట్ "ఒరేయ్, మీ క్వార్టర్‌బ్యాక్ భుజం ఎలా ఉంది? శనివారం ఆడతాడా?" అని మామూలుగానే అడుగుతాడు, వాడి చేతిలో బెట్టింగ్ యాప్ ఉంటుంది. మనవాడు గొప్ప కోసం చెప్పేస్తే కెరీర్ మొదలవకుండానే ముగుస్తుంది. నోరు కట్టుకోవడం ఈ ఉద్యోగంలో సగం పని.

మీ ఆవిడకి ఒక మాట. వాడు చెడిపోలేదమ్మా. రోజూ తెల్లారకముందే లేచి, జీతం లేకపోయినా, కుంటికాలుతో మైదానం చుట్టూ తిరిగి, రాత్రి వీడియోల ముందు కూర్చుంటున్నాడు. ఇదే కష్టం లీట్‌కోడ్ (ప్రోగ్రామింగ్ ఇంటర్వ్యూల సాధన సైట్) మీద పడుంటే మీరు బంధువులందరికీ చెప్పుకునేవారు కదా! అయితే గ్రేడ్లు మాత్రం అడగండి. సీజన్లో సగటు నాలుగింటికి మూడు కన్నా కిందకి జారిందా, వచ్చే సీజన్ మేనేజర్ పని మానేయాల్సిందే అని ఇప్పుడే చెప్పేయండి, పీజీ సీటు రాకపోతే అసిస్టెంట్ పోస్టూ రాదు కాబట్టి ఇది మీ చాదస్తం కిందకి రాదు.

మీకూ ఒక పని చెప్తాను. వసంతకాలంలో టీంలకి ప్రాక్టీసులుంటాయి, మార్చి, ఏప్రిల్‌లో. సెలవు పెట్టుకుని ఒక పనిదినం వాడున్న ఊరెళ్లండి. శనివారం మ్యాచ్‌కి వెళ్తే బ్యాండు, జనం, టీషర్టులు, అందులో వాడు మీకు కనపడడు. ఏ మంగళవారమో వెళ్లి, వాడితో పాటు పొద్దున నాలుగున్నరకి లేచి, రానిస్తే లోపలికి, రానివ్వకపోతే కంచె బయట కారులో కూర్చుని చూడండి. బంతులు సర్దుకుంటూ వాడు ఏ కోచ్ పక్కన నిలబడుతున్నాడు, ఆ కోచ్ వాణ్ని పేరుపెట్టి పిలుస్తున్నాడా, పిలిచి ఏమైనా అడుగుతున్నాడా? మేనేజర్ని నీళ్లు అడుగుతారు. పనికొస్తాడనుకున్నవాణ్ని "నువ్వేం చూశావ్?" అని అడుగుతారు. ఆ తేడా మీకు దూరం నుంచి కూడా తెలిసిపోతుంది, ఆట అర్థం కాకపోయినా.

ఇక మీ నాన్నగారు. "కోచ్ అంటే పీఈటీ సారేగా?" అన్నారు కదా, అవునండీ అనే చెప్పండి. ఖమ్మంలో ఆయన వయసువాళ్లకి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీం పేరు గుర్తుండొచ్చు, 1950 నుంచి వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ ఎత్తుకొచ్చిన టీం. అది మన ఫుట్‌బాల్, కాలితో ఆడేది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, రహీం సాబ్. ఆయన హైదరాబాద్‌లో స్కూలు టీచరు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, స్కూళ్లలో పిల్లల ఆటలు చూసుకుంటూ వచ్చినవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానందాకా, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్లో దక్షిణ కొరియాని 2–1తో ఓడించి బంగారు పతకందాకా తీసుకెళ్లింది ఆ పీఈటీ సారే. ఈసారి ఫోన్ మీవాడి చేతికే ఇచ్చి, ఈ కథ తాతగారికి వాణ్నే చెప్పమనండి. తెలుగులో చెప్పడానికి ఓ గంట పడుతుందేమో, పట్టనివ్వండి.